జిన్ సీసాలో మన నూక ఎంత?

ఈసారి పోస్టు మందు గురించి. తిట్టేవాళ్లు తిట్టండి గానీ, చివరిదాకా చదివి తిట్టండి.

మా మేనల్లుడు హైదరాబాదులో ఉద్యోగం. మొన్న ఊరొచ్చినప్పుడు గులాబీ రంగు జిన్ అని ఒకటి ఉందని, ఆ సీసా వెయ్యి రూపాయల పైమాటేనని చెప్పాడు. నాకు తాగుడు మీద సరదా లేదు. వెయ్యి రూపాయలు అనేసరికి మాత్రం, అందులో పండించినోడి వాటా ఎంతరా అని అడిగాను. వాడికి తెలియదు. సరే, మనమే లెక్కేద్దాం.

ముందు అసలు జిన్ అంటే ఏంటో చూడాలి కదా. ధాన్యం నుంచో, చక్కెర ఫ్యాక్టరీలో మిగిలే మొలాసిస్ నుంచో ముందు రుచీ వాసనా లేని స్పిరిట్ తీస్తారు. దాంట్లో జునిపర్ అనే చెట్టు కాయలు, ధనియాలు, నిమ్మ తొక్కల్లాంటివి వేసి మళ్లీ బట్టీ పెడతారు. ఆ జునిపర్ మనకేం కొత్త కాదు, హిమాలయాల్లో దొరుకుతుంది, ఆయుర్వేదంలో దాన్ని హపుష అంటారు. గోవాలో తయారయ్యే ఒక జిన్‌కి హపుసా అనే పేరు పెట్టారు. ఇక గులాబీ రంగు సంగతి. పాతకాలంలో ఇంగ్లీషు నావికులు అంగొస్తురా అనే చేదు మందు నాలుగు చుక్కలు జిన్‌లో వేసుకునేవాళ్లు, దాంతో లేత ఎరుపు వచ్చేది. ఆ చేదు మందు 1824లో వెనిజులాలో సీగెర్ట్ అనే జర్మన్ డాక్టరు కడుపు నొప్పికని చేసింది. ఇప్పటి గులాబీ జిన్ వేరు. స్ట్రాబెర్రీ, రాస్ప్‌బెర్రీ లాంటి పళ్ల రుచి, కాస్త తీపి. 2017లో గోర్డన్స్ వాళ్లు వదిలాక ఊపందుకుంది.

ఇప్పుడు లెక్క. క్వింటా నూక నుంచి అటూ ఇటూగా 45 లీటర్ల అసలు స్పిరిట్ వస్తుంది. 750 మిల్లీలీటర్ల సీసా, మన దేశంలో మామూలుగా ఉండే 42.8 శాతం ఘాటు అనుకుంటే, అందులో అసలు స్పిరిట్ 321 మిల్లీలీటర్లు. అంటే సీసాకి పట్టే నూక ముప్పావు కిలో కూడా లేదు. కిలో పాతిక రూపాయలు వేసుకున్నా 18 రూపాయలు. అదీ మిల్లువాడి చేతికి వచ్చే డబ్బు, మనకి కాదు. మిగతాదంతా ఒక్కడే తింటున్నాడని అనను. పన్ను ఉంది, లైసెన్సు ఉంది, గాజు సీసా ఉంది, షాపువాడి కమీషన్ ఉంది. కానీ ఒక్క మాట గమనించండి. ఆ స్పిరిట్ మన కృష్ణా డెల్టా నూకదైనా, పంజాబు నూకదైనా, మొక్కజొన్నదైనా తాగేవాడికి తేడా తెలియదు. తెలియకుండా చేయడమే ఆ బట్టీ పని. అందుకే ధర మన చేతిలో ఉండదు.

దీనికి పూర్తిగా అడ్డం తిరిగిన మనిషి ఒకాయన మన రాష్ట్రంలోనే బట్టీ పెట్టాడు. పేరు డెస్మండ్ నజరెత్. ఐఐటీ మద్రాసులో చదివాడు, సాఫ్ట్‌వేర్ పని చేశాడు. మెక్సికోలో టెకీలా తీసే మొక్క జాతి దక్కన్‌లో కంచెల వెంట, రైలు పట్టాల వెంట ఊరికే పెరుగుతోందని ఆయన కంట పడింది. అదేనండీ, మన కిత్తనార. ముళ్ల అంచుల మందపాటి మట్టలు, పూర్వం నార తీసి తాళ్లు పేనేవాళ్లు. ఆయన చిత్తూరు జిల్లాలో డిస్టిలరీ పెట్టి, 2011లో డెస్మండ్‌జీ అనే పేరుతో గోవా మార్కెట్లో దించాడు. టెకీలా అనే మాట వాడకూడదు, అది మెక్సికో వాళ్ల హక్కు. అందుకని అగావే స్పిరిట్ అని అమ్మాడు. తర్వాత 2018లో ఇప్పపువ్వుతో కూడా చేశాడు.

మొక్క సంగతి మనలాంటి వాళ్లకి ఇట్టే అర్థమవుతుంది. మట్టలన్నీ నరికేస్తే మధ్యలో అనాసపండు ఆకారంలో పెద్ద గడ్డ మిగులుతుంది. తీపంతా అందులోనే. దాన్ని ఉడికించి, రసం పులియబెట్టి, బట్టీ పెడతారు. పదేళ్లు అటూ ఇటూ ఆగాలి. పూకాడ లేచిందంటే గడ్డలో తీపి పైకి పోతుంది, చెరుకు పూతకొస్తే రసం పలచబడ్డట్టే. పూశాక తల్లి మొక్క చచ్చిపోతుంది, చుట్టూ పిలకలు మిగులుతాయి.

ఇక్కడ నూకకి లేని బలం ఒకటుంది. నూక బదులు మొక్కజొన్న వేస్తే జిన్‌కి ఏమీ కాదు. కిత్తనార బదులు ఇంకోటి వేస్తే అది అగావే స్పిరిట్ కాదు. టెకీలాకైతే 1974 నుంచి చట్టమే ఉంది, హలిస్కో రాష్ట్రం, ఇంకో నాలుగు రాష్ట్రాల్లో కొన్ని ప్రాంతాలు, అక్కడి నీలం అగావే మాత్రమే. గోవా జీడిపండు ఫెనీకి కూడా 2009లో జీఐ గుర్తింపు వచ్చింది. పంట పేరు, నేల పేరు సీసాకి అతుక్కుని ఉంటాయి.

అలాగని మెక్సికో రైతు మేడలు కట్టేశాడనుకోకండి. నాలుగైదేళ్ల కిందట అక్కడ అగావే కిలో 30 పెసోల దగ్గర ఆడింది. అందరూ నాటేశారు. కోతకి ఆరేడేళ్లు పట్టే పంట, గంపగుత్తగా ఒకేసారి చేతికొచ్చింది. 2024 నాటికి 10 పెసోల లోపుకి పడింది. దుగ్గిరాల పసుపు, గుంటూరు మిర్చి చూసినవాళ్లకి ఈ కథ కొత్తగా చెప్పక్కర్లేదు. మనకి ఏడాదికో దెబ్బ, వాళ్లకి ఆరేళ్ల కష్టం మీద ఒక్కటే దెబ్బ.

ఇంకో మాట దాచకుండా చెప్పాలి. మా బాబాయి నాటుసారాకే పోయాడు, నలభై నిండకుండా. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా పాకల మీద తిరగబడ్డప్పుడు మా పిన్ని ఆ వార్త పేపర్లో చదివించుకుని విన్నది. 1993లో సారా నిషేధం వచ్చేసరికి ఆమెకి జరగాల్సిన నష్టం జరిగిపోయింది. కాబట్టి తాగమని నేను ఎవరికీ చెప్పను. బెల్లం ఊట పెట్టినోడిని జైల్లో వేస్తాం, అదే పని అద్దాల గదిలో లైసెన్సుతో చేస్తే పారిశ్రామికవేత్త అంటాం. చట్టం అవసరమే, కల్తీ సారాకి మనుషులు చచ్చిపోతారు. అయినా మా పిన్నికి ఈ తేడా చెప్పాలంటే నాకు నోరు రాదు.

తిరువూరు, నూజివీడు మెట్ట రైతులు ఇది చదివి కిత్తనార పిలకలు ఎక్కడ దొరుకుతాయని అడుగుతారని తెలుసు. కాలవ కింద నల్లరేగడి వాళ్లు అసలు ఆలోచించకండి, నీరు నిలిస్తే వేరు కుళ్లిపోతుంది. మెట్టవాళ్లయినా ఎకరాలకి ఎకరాలు మాత్రం వద్దు. పదేళ్ల తర్వాత కొంటానని కాగితం మీద సంతకం పెట్టేవాడు దొరికేదాకా గట్టు వెంట, కంచె వెంట నాటుకోండి చాలు. కొనేవాడు రాకపోయినా చేలోకి పశువు రాదు.