ఉప్పుగాలిలో... బండి తప్పటడుగులు!

నెల్లూరు అనగానే నోరూరించే చేపల పులుసే గుర్తొస్తుంది. ఆ చేప సముద్రంలోంచి ఎగిరొచ్చి నేరుగా దాకలో పడదుగా! రేవు నుంచో, చెరువు గట్టు నుంచో దాన్ని ఊళ్లోకి చేర్చేది ఓ పికప్ బండి. తెల్లవారుజామున మైపాడు, విడవలూరు, ఇందుకూరుపేట, ముత్తుకూరు దారుల్లో ఎక్కువగా ఎదురయ్యేవి అవే. వెనక ప్లాస్టిక్ ట్రేలు, వాటి నిండా రొయ్యలు, పైన ఐసు... కింద రోడ్డు పొడవునా కారిపోయే ఉప్పునీటి చార.

ఆ చారను కాస్త పరీక్షగా చూడండి. గుంతల్లేని రోడ్డు మీద అది తిన్నగా సాగితే బండి కులాసాగా ఉన్నట్టు. పాములా మెలికలు తిరిగిందా... బండికేదో జబ్బు చేసినట్టే!

'బండి నిలవట్లేదన్నా' అంటారు డ్రైవర్లు. స్టీరింగ్ కదలకుండా పట్టుకున్నా బండి కాసేపు కుడికి, కాసేపు ఎడమకి జరుగుతుంటుంది. సరిచేయబోతే రెండోవైపు పోతుంది. ఊళ్ల మధ్య నెమ్మదిగా వెళ్తున్నంతసేపూ ఇది అంతగా తెలియదు. 16వ నంబరు జాతీయ రహదారి ఎక్కి, పక్కనుంచి ఓ కంటైనర్ లారీ రివ్వున దూసుకుపోయినప్పుడు తెలుస్తుంది. ఐసు కరిగేలోగా సరుకు చేరాలని డ్రైవరు తొందర. ఎదురుగా బైకు మీద భార్యాబిడ్డలతో వస్తున్న మరో మనిషి. ఆ రెంటి మధ్య ఉన్నదల్లా మూడునాలుగు అడుగుల జాగా!

పడవల దారి... బండ్ల దారి

ఒకప్పుడు ఈ తీరంలో సరుకు రవాణా అంతా నీటి మీదే. పెదగంజాం నుంచి మద్రాసు మీదుగా మరక్కాణం దాకా సాగే బకింగ్‌హామ్ కాలువలో ఉప్పు, కట్టెలు పడవలెక్కి వెళ్లేవి. 1990ల్లో టైగర్ రొయ్య వచ్చి వరి మళ్లను చెరువులుగా మార్చేసింది. తెల్లమచ్చ రోగం దెబ్బతీశాక, 2009లో వనామీకి అనుమతి రావడంతో సాగు మళ్లీ ఊపందుకుంది. 2008లో కృష్ణపట్నం రేవు మొదలై భారీ లారీలూ ఈ దారి పట్టాయి. గట్ల మీదికి లారీ రాలేదు, ఆటో అంత బరువు మోయలేదు. ఆ మధ్య ఖాళీలోకి వచ్చి కూర్చుంది పికప్!

పగవాళ్లు ముగ్గురు

బండి నిలకడకు ఇక్కడ ముగ్గురు పగవాళ్లు. మొదటిది ఉప్పు. ట్రేల నుంచి కారే నీరు, తీరపు గాలి కలిసి కమాన్‌పట్టీలనూ, యు-బోల్టులనూ తుప్పు పట్టిస్తాయి. స్టీరింగ్ జాయింట్ల మీది రబ్బరు తొడుగు చిరిగితే ఉప్పునీరు లోపలికి దిగి గ్రీజును తినేస్తుంది. రెండోది గాలి. ట్రేలు ఎత్తుగా పేర్చి పట్టా కట్టిన బండికి పక్కగాలి తగిలితే అది తెరచాపే. మూడోది బరువు. లోడంతా వెనక తలుపు దగ్గర పేరిస్తే, ఏతం మాను మీద మనిషి వెనక్కి నడిచినప్పుడు ముందుకొస పైకి లేచినట్టు, ముందు చక్రాల మీద భారం తగ్గిపోతుంది. చక్రానికి నేల మీద పట్టు లేకపోతే స్టీరింగ్ ఎంత తిప్పి ఏం లాభం?

కింది నుంచి పైకి...

బండి ఊగుతోందనగానే చాలామంది ముందు స్టీరింగ్ బాక్సు స్క్రూ బిగించమంటారు. అక్కడే చిక్కు. అతిగా బిగిస్తే స్టీరింగ్ బిర్రుగా మారి, మలుపు తర్వాత తనంతట తాను తిన్నగా రాదు. ఉన్న ఊగుడుకి ఇంకో ఊగుడు తోడవుతుంది. అనుభవమున్న మెకానిక్కులు నేల దగ్గర మొదలుపెడతారు. ముందుగా టైర్లలో గాలి. కంటి అంచనాతో సరిపెట్టకుండా గేజితో చూడాలి. వెనక టైర్లలో గాలి తగ్గినా బండి తోక ఊపుతుంది. రేడియల్ టైరు ఒకపక్క, మామూలు నైలాన్ టైరు ఇంకోపక్క వేసినా అంతే.

తర్వాత జాకీ. ముందు చక్రాన్ని లేపి పైనా కిందా పట్టుకుని ఊపితే కదిలిందా... బేరింగో, కింగ్‌పిన్నో, బాల్ జాయింటో అరిగినట్టు. పక్కలు పట్టుకుని ఊపితే కదిలిందా... ముందుగా టై రాడ్ ఎండ్లను అనుమానించాలి. మళ్లీ చక్రాలు నేలకు దించి, ఒకరు స్టీరింగ్‌ను అటూ ఇటూ కొద్దిగా కదుపుతుంటే, మరొకరు కింద పడుకుని ఏ జాయింటు వదులుగా ఆడుతోందో చూడాలి. ఖర్చు లేని పరీక్ష ఇది!

వెనకవైపూ మరిచిపోకూడదు. యు-బోల్టులు వదులైతే ఇరుసు పక్కకి జరిగి, బండి మొహం ఒకవైపు, నడక ఇంకోవైపు అవుతుంది. అరిగినవన్నీ మార్చాకే వీల్ అలైన్‌మెంట్. ముందే చేయిస్తే ఆ డబ్బు నీళ్లపాలే. అలైన్‌మెంట్‌లో చక్రాల మొనలతో పాటు 'క్యాస్టర్' అనే వాలునూ చూడమని అడగాలి. సైకిల్ ముందు ఫోర్కు వాలు లాంటిదే ఇది. చక్రం తనంతట తాను తిన్నబడేందుకు సాయపడేది అదే.

ఒక బకెట్ మంచినీళ్లు

ఈ తీరంలో బండికి అసలు పరీక్ష పెట్టే దారి సూళ్లూరుపేట-శ్రీహరికోట రోడ్డు. 2022లో ఆ ప్రాంతం తిరుపతి జిల్లాలో కలిసినా పులికాట్ గాలి మాత్రం మారలేదు. రెండుపక్కలా సరస్సు, చలికాలంలో రాజహంసలు. చెట్టూ పుట్టా అడ్డులేని గాలి నేరుగా బండి పక్కటెముకల మీద కొడుతుంది. జాయింట్లు గట్టిగా ఉన్న బండి ఓసారి కదిలి సర్దుకుంటుంది. వదులైన బండి పక్షులను చూసే తీరిక కూడా డ్రైవరుకి ఇవ్వదు.

సరుకు దింపగానే బండి అడుగుభాగాన్ని మంచినీళ్లతో కడగడం, వేళకు గ్రీజు పెట్టించడం, బరువును రెండు ఇరుసుల మధ్యకు సర్దడం... వీటికయ్యే ఖర్చు ఓ కిలో రొయ్యల ధర కన్నా ఎక్కువేం కాదు. ఈ దారుల్లో రొయ్యల బండ్లే తిరగవు. లోడు మీద కూర్చుని పట్టుబడికి వెళ్లే కూలీలూ, మైపాడు బీచికి బయల్దేరిన పిల్లలూ ఉంటారు. రోడ్డు మీద ఆ ఉప్పునీటి చార తిన్నగా సాగితేనే వాళ్లంతా క్షేమంగా ఇళ్లకు చేరేది.