బొమ్మలో మనం ఎక్కడున్నాం?

'కవిత్వం కూడు పెడుతుందా?' అని మమ్మల్ని అడగనివాళ్లు లేరు. డిగ్రీలో తెలుగు సాహిత్యం తీసుకుంటామన్నప్పుడు అడిగారు. ఎం.ఏ.లో చేరినప్పుడు మళ్లీ అడిగారు. అడిగినవాళ్లంతా మా మేలు కోరినవాళ్లే. కూలికి పోయి మమ్మల్ని చదివించిన అమ్మానాన్నలకు ఆ మాట అడిగే హక్కు అందరికంటే ఎక్కువ ఉంది. మా ఇళ్లల్లో డిగ్రీ దాకా వచ్చినవాళ్లం మేమే మొదలు. ఆ డిగ్రీ ఒక ఉద్యోగమై ఇంటికి రావాలని వాళ్లు ఎదురుచూస్తారు. అందుకే ఈ వార్షికోత్సవ సంచికలో ఆ ప్రశ్నకు మాకు తోచిన జవాబును తమ్ముళ్లతో, అన్నలతో పంచుకుందామనుకున్నాం.

మొదట సినిమా సంగతి. 1938లో గూడవల్లి రామబ్రహ్మం 'మాలపిల్ల' తీశారు. కథ చలానిది, నాయిక కాంచనమాల. అగ్రహారం అబ్బాయి మాలపిల్లను ప్రేమించడం, హరిజనులు మేమూ గుడిలోకి వస్తామని నిలబడడం ఆ రోజుల్లో తెర మీద చూపించడమంటే మాటలు కాదు. ఆ ధైర్యానికి చేతులెత్తి మొక్కుతాం. అయినా కథలో ఒకచోట మా మనసు ఆగిపోతుంది. పెద్దాయన భార్య మంటల్లో చిక్కుకుంటే ఒక హరిజన యువకుడు ప్రాణానికి తెగించి కాపాడతాడు. ఆ తర్వాతే పెద్దాయన మనసు మారుతుంది. అంటే గుడి గడప దాటాలంటే మనవాడు ముందు ఒక మేలు చేసి చూపించాలి. మనిషిగా పుట్టడం ఒక్కటే చాలదన్నమాట!

సరిగ్గా మూడేళ్లకు, 1941లో, గుర్రం జాషువా 'గబ్బిలం' వచ్చింది. కాళిదాసు మేఘదూతంలో యక్షుడు మేఘం చేత భార్యకు కబురు పంపుతాడు. జాషువా కావ్యంలో కబురు పంపేది తంజావూరు ప్రాంతపు అంటరాని పేదవాడు. ఎవరికి? కాశీలో ఉన్న విశ్వనాథుడికి. ఎవరి చేత? చీకటిపడ్డాక తన గుడిసెలోకి వచ్చిన గబ్బిలం చేత. అపశకునమని అందరూ తరిమే ప్రాణి అది. కానీ ఈ మనిషి కాలు పెట్టలేని గుడిలో అది హాయిగా వేలాడుతుంది, దేవుడి చెవికి దగ్గరగా. గబ్బిలానికి ఉన్నపాటి చోటు మనిషికి లేదు. ఈ ఒక్క ఊహతోనే జాషువా మొత్తం వ్యవస్థను బోనులో నిలబెట్టారు. ఇక్కడ మనవాడు ఎవరినీ కాపాడి మెప్పు పొందనక్కరలేదు. తన బాధ తానే చెప్పుకుంటాడు, లెక్క అడుగుతాడు.

రెండు రచనలూ ఒకే గుడి తలుపు ముందు నిలబడ్డాయి. ఒకటి మనల్ని చూసి కరిగిపోయింది. రెండోది మన నోటితో మాట్లాడింది. ఈ తేడా అర్థమైన రోజున మాకు సాహిత్యం చదివే పద్ధతే మారిపోయింది. ఏ కథ చదివినా, ఏ బొమ్మ చూసినా, ఇందులో మనం ఎక్కడున్నాం, మాట్లాడుతున్నది ఎవరు అని చూసుకోవడం అలవాటైంది. ఇంకో ముచ్చట చెప్పాలి. జాషువా 1915-16 ప్రాంతంలో రాజమండ్రిలో మూకీ సినిమాలకు వాచకుడిగా పనిచేశారు. తెర మీద బొమ్మ కదులుతుంటే పక్కన నిలబడి కథ, సంభాషణలు చదవడం ఆ ఉద్యోగం. మాట లేని బొమ్మలకు గొంతు అరువిచ్చిన మనిషే తర్వాత మాట దక్కని జనానికి గొంతయ్యారు.

బోయి భీమన్న 'పాలేరు' నాటకం సంగతి మన హాస్టల్లో ప్రతి ఒక్కరికీ తెలియాలి. అందులో పాలేరు కుర్రవాడు చదువుకుని పెద్ద అధికారి అవుతాడు. ఈనాడు మనకు ఇది మామూలు కథ. ఆనాడు పశువుల వెంట తిరిగే పిల్లవాడి తల్లిదండ్రులకు అది ఊహకు కూడా అందని మాట. ఊళ్లల్లో ఆ నాటకం చూసి పిల్లల్ని బడికి పంపినవాళ్లు ఉన్నారని పెద్దలు చెబుతారు. అలా బడికి వెళ్లినవాళ్ల తర్వాతి తరాలమే మనం. మరి ఆ నాటకం కూడు పెట్టలేదంటారా?

మరాఠీలో నాగరాజ్ మంజులే 2013లో తీసిన 'ఫాండ్రీ' మేము గదిలో పదిమందిమి ఒక లాప్‌టాప్ చుట్టూ చేరి చూశాం. జబ్యా మన వయసుకంటే చిన్నవాడు, బడికి పోయేవాడు. ఊళ్లో పందులు పట్టే పని వాళ్ల ఇంటి మీద పడుతుంది. తరుముతున్న పంది చేతికి చిక్కబోయే సమయానికి బడిలో జనగణమన మొదలవుతుంది. ఇంటిల్లిపాదీ కదలకుండా నిలబడిపోతారు. పంది మాత్రం తన దారిన తాను పోతుంది. మాలో కొందరు నవ్వారు, కాసేపటికి అందరి నవ్వూ ఆగిపోయింది. చివర్లో జబ్యా విసిరిన రాయి నేరుగా కెమెరా వైపు వస్తుంది. అంటే చూస్తున్న మన మీదికే! చదువుకుని ఊరు మరిచిపోయేవాళ్లకు కూడా ఆ రాయి తగలాలి.

ఇంతకీ కళ అంటే అచ్చయిన పుస్తకమూ సినిమా హాలూ మాత్రమేనా? నిజామాబాద్ జిల్లా చిందు ఎల్లమ్మ మగ వేషాలు కట్టి చిందు యక్షగానానికి పేరు తెచ్చారు. 2005లో ఆమె కన్నుమూశారు. చిందువాళ్లు ఆడే జాంబపురాణం మాదిగల పుట్టుక గురించి గొప్పగా చెబుతుంది. ఊరు తక్కువ చేసి చూసినవాళ్లకు తమదంటూ ఒక పురాణం ఉంది. అదే చిందు కళకు 2024లో గడ్డం సమ్మయ్యగారికి పద్మశ్రీ వచ్చింది. 1979 నాటి 'మాభూమి' సినిమాలో గద్దర్ పాడిన పాట కూడా అంతే. సాయుధ పోరాట కాలంలో బండి యాదగిరి కట్టిన పాట అది. జనం నోట బతికింది గనుకనే ముప్పై ఏళ్లకు తెర మీదికి రాగలిగింది.

అందుచేత మా జవాబు ఇది. కవిత్వం నేరుగా కంచంలో అన్నం పెట్టదు. ఆ అన్నం కోసం మేమూ గ్రూప్స్‌కు, డీఎస్సీకి చదువుతూనే ఉన్నాం, తమ్ముళ్లు కూడా చదవాలి. కానీ ఉద్యోగం వచ్చాక మన కులం, మన ఇంటి భాష దాచుకుని తిరగాలా, తలెత్తుకుని నిలబడాలా అన్నది మాత్రం జాషువా, భీమన్న, ఎల్లమ్మ లాంటివాళ్లే నేర్పుతారు. ఆ పాఠం ఏ గైడులోనూ దొరకదు.

తమ్ముళ్లూ, మీకు ఒక పని అప్పజెబుతున్నాం. నాటు యంత్రాలు వచ్చాక వరి నాట్లలో పాటలు తగ్గిపోయాయి. సంతకం పెట్టడం రాని మన అమ్మమ్మలకు, నాయనమ్మలకు మాత్రం అవి ఇంకా గుర్తున్నాయి. ఈసారి సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు వాళ్ల పక్కన కూర్చోండి. ఫోన్‌లో రికార్డు చేయండి, నోటుబుక్కులో రాయండి. పాట కింద పాడినవాళ్ల పేరు, ఊరి పేరు తప్పక వేయండి. వచ్చే ఏడాది సంచికలో ఆ పాటలకు నాలుగు పేజీలు అట్టిపెట్టమని సంపాదకవర్గాన్ని ఇప్పుడే అడిగి పెడుతున్నాం.