శీతకాలపు ఆకాశంలో

చిన్న విమానం నడిపేవారికి శీతకాలం ఒక వరం. అదే ఒక పరీక్ష కూడా. అనకాపల్లిలో పుట్టి పెరిగి, హైదరాబాదులో విమానం నడపడం నేర్చుకున్న నాకు ఈ రెండూ అనుభవంలోకి వచ్చాయి.

నేను శిక్షణ పొందిన సెస్నా 152 రెండు సీట్ల విమానం. మనుషులతో, ఇంధనంతో సహా దాని గరిష్ఠ బరువు 757 కిలోలు మాత్రమే. వేసవి మధ్యాహ్నాలలో వేడెక్కిన నేల నుంచి లేచే గాలి దానిని పడవవలె ఊపివేస్తుంది. శీతకాలంలో అలా కాదు. చల్లని గాలికి సాంద్రత ఎక్కువ. అందువల్ల రెక్కలకు ఎత్తే బలం, ఇంజనుకు శక్తి అధికంగా లభిస్తాయి. విమానం కొద్ది దూరం పరుగెత్తి నేలను విడుస్తుంది. డిసెంబరు ఎండలో, కుదుపు లేని గాలిలో, వేలికొసల కదలికకే స్పందించే విమానాన్ని నడపడం కన్న మిన్న అయిన ఆనందాన్ని నేనెరుగను.

అయితే ఆ ఋతువే పొగమంచునూ తెస్తుంది. మేఘాలు లేని రాత్రి నేల త్వరగా చల్లబడుతుంది. దానిని తాకిన గాలి కూడా చల్లబడి కిందనే నిలిచిపోతుంది. వెచ్చని గాలి పైన మూతవలె పరచుకుంటుంది. మా ఊళ్లో బెల్లం పొయ్యిల పొగ తెల్లవారుజామున పైకి పోక, చెరకు తోటల మీద దుప్పటిలా నిలవడానికి కారణం ఇదేనని తరగతిలో తెలుసుకున్నాను.

మరొక ప్రమాదం కంటికి కనిపించదు. కార్బ్యురేటరులో ఇంధనం ఆవిరయ్యేటప్పుడు లోపలి ఉష్ణోగ్రత బాగా పడిపోతుంది. బయట 15 డిగ్రీలున్నా, గాలిలో తేమ ఉంటే అక్కడ మంచు పేరుకొని ఇంజను బలహీనపడవచ్చు. దానిని కరిగించడానికి వేడిగాలిని పంపే మీట ఉంటుంది.

ఒక జనవరిలో నేను ఒంటరిగా దూరప్రయాణం చేయవలసి వచ్చింది. లైసెన్సుకు అది తప్పనిసరి. నాన్న పొలం తాకట్టు పెట్టి రుసుము కట్టారు. మూడు రోజులు పొగమంచు వీడలేదు. నాల్గవనాడు కనుచూపు నియమం ప్రకారం కావలసిన 5 కిలోమీటర్లకు చేరింది. కాని వెళ్లవలసిన దిక్కున నేలా నింగీ ఇంకా కలిసిపోయే ఉన్నాయి. శిక్షకులు నిర్ణయాన్ని నాకే విడిచారు. “ఈరోజు వెళ్లనండీ” అన్నాను.

ఆ సాయంత్రం నాన్నకు ఫోనులో సంకోచిస్తూనే చెప్పాను. ఆయన క్షణమాగి, “పాకం రాకముందే పెనం దించితే బెల్లం గడ్డకట్టదు. ఆగు తల్లీ!” అన్నారు.

మరి రెండు రోజులకు ఆకాశం తేటపడింది; నా ప్రయాణం నిరాటంకంగా పూర్తయింది. ఎగరడానికి ధైర్యం కావాలి. ఎగరకుండా ఆగడానికి అంతకు మించిన ధైర్యం కావాలి.