మూడు గింజల ఎండ

ఫోటాన్ ద్రవ్యవేగం ఎంత అని ప్రశ్న. ద్రవ్యవేగమంటే ద్రవ్యరాశిని వేగంతో గుణించడమని ఇంటర్‌లో బట్టీ పట్టినవాణ్ణి. ఫోటాన్‌కు ద్రవ్యరాశి సున్నా కనుక జవాబూ సున్నాయేనని ధైర్యంగా రాశాను. దిద్దినవారు నాకూ సున్నాయే వేశారు. ఆ పేపరు పోయింది.

వేసవి సెలవులకు పత్తికొండ దగ్గరి మా ఊరికి వెళ్తే ఆ సంగతి చెప్పడానికి నోరు రాలేదు. నాయన వేపచెట్టు కింద విత్తనానికి చెనిక్కాయలు ఒలుస్తున్నాడు. నేనూ చేట ముందు కూర్చున్నాను.

"ఇప్పుడేం సదువుతాండావురా?"

"వెలుతురుకు బరువు లేకపోయినా నూకుతాదంట నాయనా, అది."

"బరువు లేంది ఎట్ల నూకుతాది?"

సరిగ్గా నేను తప్పిన ప్రశ్నే! తప్పిన తర్వాత చదివింది చెప్పాను. ఆ గుణకారం నిదానంగా పోయే వస్తువులకే సరిపోతుంది. సాపేక్ష సిద్ధాంతం ప్రకారం, ద్రవ్యరాశి లేని కణం శక్తిని కాంతివేగంతో భాగిస్తే దాని ద్రవ్యవేగం వస్తుంది. ఇది ఉత్త ఊహ కాదు. మాస్కోలో లెబెదెవ్ గాలి తీసేసిన గాజుబుడ్డిలో పలుచని రేకులు వేలాడదీసి, వెలుతురు వాటిని నెట్టడం కొలిచి 1901లో ప్రకటించాడు. 1923లో కాంప్టన్, ఎక్స్-కిరణం ఎలక్ట్రాన్‌ను గుద్దుకోవడాన్ని రెండు గోలీల లెక్కలాగే తేల్చాడు.

"అయితే మన ఎకరా చేనును మిట్టమధ్యాన్నం ఎండ ఎంత నూకుతాదో చెప్పు."

చదరపు మీటరుకు సెకనుకు సుమారు 1000 జౌళ్లు. ఎకరాకు 4047 చదరపు మీటర్లు. ఎండంతా నేలలో ఇంకిపోతుందనుకుని, మొత్తాన్ని 30 కోట్ల మీటర్ల వేగంతో భాగిస్తే ఒకటిన్నర గ్రాము బరువు కూడా రాలేదు. మూడు గింజలు తీసి ఆయన అరచేతిలో పెట్టాను.

"ఇంతే నాయనా."

"ఈ మూడు గింజలకేనా మా యీపులు ఇట్ల కాలింది?" అని నవ్వాడు.

ఆ భాగహారం నాకు అప్పుడు నిజంగా అర్థమయింది. ఎండలో శక్తికి కొదవ లేదు. శకునాల, గని ఊళ్ల దగ్గర 2017లో పూర్తయిన 1000 మెగావాట్ల సోలార్ పార్కు దానిమీదే బతుకుతోంది. భాగించే వేగమే మరీ పెద్దది. అందుకే ఎండ మాడ్చినంతగా నెట్టలేదు. అయినా అది సున్నా కాదు.

ఆ ఊపులోనే పేపరు పోయిన సంగతీ చెప్పేశాను. నాయన కాసేపు మాట్లాడలేదు. మూడు గింజలనూ తిరిగి చేటలో వేసి, "మళ్ళా రాయి" అన్నాడు.

మళ్ళీ రాశాను. గట్టెక్కాను. ఆ ప్రశ్న మాత్రం రాలేదు!