కిటికీ బండకు ఎంతయింది?

ఇల్లు కట్టేటప్పుడు దర్వాజకు ముహూర్తం చూస్తాం, గడపకు పసుపు రాస్తాం. కిటికీ కింది బండ గురించి ఎవరూ ఆలోచించరు. దానితో ఎక్కువ పని పడేది మనకే. తొక్కు జాడీ ఎండకు పెట్టేది దాని మీదే, సందె వేళ పిల్లలు వస్తున్నారా అని మోచేతులు ఆనించి చూసేది దాని మీదే. పోయిన ఎండాకాలం మా ఇంటి ఏడు కిటికీలకూ కొత్త బండలు వేయించాం. వాన పడితే గోడలు చెమ్మగిల్లే ఇళ్లు చాలా ఉంటాయి కాబట్టి లెక్కంతా ఇక్కడ రాస్తున్నాను.

లక్సెట్టిపేటలో మాది ముప్పై ఏళ్ల కిందటి ఇల్లు. ముందు కిటికీకి షాబాద్ బండ, మిగతా ఆరింటికీ ఒట్టి సిమెంట్ పూత. 2022 జూలైలో గోదావరి పొంగి మంచిర్యాలలో కాలనీలు మునిగినప్పుడు, కడెం కట్ట నిలుస్తుందా లేదా అని అందరం టీవీల ముందు కూర్చున్నప్పుడు, మా ఇంట్లో పడమటి కిటికీల కింద గోడ తడిసి ముద్దయింది. అప్పటి నుంచి ప్రతి వానకూ అదే తంతు. ముందు కిటికీ కిందే మా అత్తమ్మ మంచం. రాత్రి దగ్గు తెరలు వస్తుంటే లేచి మంచం ఈవలికి జరిపేదాన్ని.

మా ఆయన మూడేళ్లు వరుసగా, వానలకు ముందు, పగుళ్లకు సిమెంట్ పూయించారు. ఏటా రెండు వేలు. దసరా నాటికి మళ్లీ పగుళ్లు. ఈసారి సుతారి మేస్త్రిని దగ్గర కూర్చోబెట్టుకుని అసలు నీళ్లు ఎట్లా వస్తున్నాయో అడిగాను. ఆయన చెప్పింది తేలికగానే అర్థమైంది. కింది బండ బయటి వైపుకు కొద్దిగా, పావు అంగుళమైనా, వాలుగా ఉండాలి. గోడ దాటి అంగుళం ముందుకు రావాలి. ఆ ముందుకొచ్చిన అంచు కింద సన్నని గాడి కోయాలి. గాడి లేకపోతే నీటి చుక్క బండ అడుగునే పట్టుకుని వెనక్కి పాకి గోడలోకి దిగుతుంది. గాడి ఉంటే అక్కడే తెగి కింద పడుతుంది. మా ఇంటి కిటికీలకు వాలు లేదు, అంచు లేదు, గాడి లేదు. పైన ఎంత సిమెంట్ పూసినా ఏం లాభం?

ఒక కాంట్రాక్టరు వచ్చి చూసి, కిటికీకి నాలుగు వైపులా గ్రానైట్ చౌకట్టు కట్టాలని, ఇరవై ఎనిమిది వేలు అవుతుందని చెప్పాడు. చూడటానికి బాగుంటుంది, నిజమే. కానీ నీళ్లు నిలిచేది కింది వైపునే కదా. పక్కల, పైన బండ ఎందుకు? కింది బండలు మాత్రమే మారుద్దామన్నాను. మా ఆయన మాత్రం, "కిటికీలకు గంత పైస పెడతరా ఎవరన్న?" అన్నారు. మూడేళ్ల పూతలకు ఆరు వేలు పోయాయని కాగితం మీద రాసి చూపిస్తే ఇంకేమీ అనలేదు.

ఇక లెక్క. నాలుగడుగుల కిటికీలు ఐదు, మూడడుగులవి రెండు. గోడలోకి చెరో పక్క మూడంగుళాలు దూర్చాలి కనుక పొడవు మొత్తం ఇరవై తొమ్మిదిన్నర అడుగులు, వెడల్పు పదంగుళాలు. అంటే పాతిక చదరపు అడుగులు. తాండూరు, షాబాద్ బండలు చవకే కానీ తడికి, ఎండకు పొరలు లేస్తాయి. అందుకే మన కరీంనగర్ గ్రానైటే తీసుకున్నాం, నల్ల చుక్కల గోధుమ రంగు టాన్ బ్రౌన్. మన దగ్గర తవ్విన రాళ్లే ఓడలెక్కి చైనా దాకా పోతున్నాయి, మన కిటికీలోకి రావడానికి ఏం?

బండకు 3,000. అంచు పాలిష్‌కు 1,500. కింద గాడి కోయడానికి 450. మంచిర్యాల నుంచి ఆటోకు 800. సిమెంట్ రెండు బస్తాలు 700, ఇసుక 600, సందుల్లో నీళ్లు దిగకుండా పెట్టే మందుకు 500. పుచ్చిపోయిన ఒక చౌకట్టు కింది కమ్మి మార్చినందుకు వడ్లాయనకు 1,500. పగిలిన చోట లప్పం, రంగుకు 1,800. మేస్త్రికి, మనిషికి కలిపి రోజుకు 1,700 చొప్పున మూడున్నర రోజులకు 5,950. మొత్తం 16,800. ఇందులో అసలు బండ ఖరీదు ఐదో వంతు కూడా లేదు చూడండి. కూలీ, కోత, మళ్లీ అతకడం, వీటికే ఎక్కువ. కొత్తగా ఇల్లు కట్టేవాళ్లు మొదట్లోనే వేయించుకుంటే దాదాపు బండ, కోత ఖర్చుతోనే పోతుంది.

ఆ మూడున్నర రోజుల్లో అర రోజు సంగతి చెప్పాలి. ముందు కిటికీ షాబాద్ బండను తీయవద్దని అత్తమ్మ అడ్డం కూర్చుంది. ఇల్లు కట్టిన నాటి నుంచి చూపు మందగించే దాకా ఆమె ఆ కిటికీ వెలుగులోనే బీడీలు చుట్టింది. తునికాకు కత్తిరించే కత్తెరను ఆ బండ అంచుకే నూరేది. అక్కడ వేలు పట్టేంత గుంట పడింది.

"గీ బండ మీద చుట్టిన బీడీల పైసలతోనే నీ మొగడు సదువుకున్నడు బిడ్డా. దాన్ని సుత్తెతోని పలగ్గొడతరా?" అంది.

"పలగ్గొట్టం అత్తమ్మా. మీ బండ మీకే ఇస్తం," అన్నాను.

సుత్తి దెబ్బకు పది నిమిషాల్లో ఊడే బండను, ఉలితో చుట్టూ సున్నితంగా చెక్కి సాబూతుగా తీయడానికి మేస్త్రికి సగం రోజు పట్టింది. దానికి 850 రూపాయలు. ప్రతి రూపాయికీ లెక్క అడిగే మా ఆయన దాని గురించి ఒక్క మాట అడగలేదు. సాయంత్రం తనే రెండు వైపులా ఇటుకలు పేర్చి, ఆ బండను వరండాలో అరుగులాగా పెట్టారు. అత్తమ్మ తన పింఛన్ 2,016 తెచ్చి నా చేతిలో పెట్టబోయింది. తీసుకోలేదు. రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. ఇంటి ఖర్చులో తన చెయ్యి కూడా ఉండాలని ఆమెకు ఉంటుంది కదా. చివరికి రంగు డబ్బాల 1,800 ఆమె దగ్గరే తీసుకున్నాను. అప్పుడు గానీ ముఖం విప్పలేదు.

మిగతా పదిహేను వేలు నా చిట్టీ డబ్బుల్లోంచి పోయాయి. అవి బిడ్డ ల్యాప్‌టాప్ కోసం దాచినవి. చెబితే దాని ముఖం చిన్నబోయింది. "వచ్చే చిట్టీ దాకా ఆగుత తియ్యమ్మా," అంది కానీ, ఆ మాటకు నాకు సంతోషమేమీ కలగలేదు. ఇంట్లో ఒకరి అవసరం తీరితే ఇంకొకరిది వెనక్కి పోతుంది. మధ్యలో లెక్క చూసేది మనమే కదా.

జూలైలో వానలు దంచి కొట్టినప్పుడు ముందు కిటికీ కింద గోడను అరచేత్తో తడిమి చూశాను. పొడిగా ఉంది. అత్తమ్మ దగ్గు పూర్తిగా పోలేదు, కానీ రాత్రుళ్లు మంచం జరిపే పని మాత్రం తప్పింది.

మీరూ చేయించాలనుకుంటే ఎండాకాలంలోనే చేయించండి. మేస్త్రి వెళ్లిపోక ముందే ఒక చెంబుడు నీళ్లు బండ మీద పోయించండి. నీళ్లు బయటికి జారి, అంచు దగ్గర చుక్కలుగా తెగి పడితేనే కూలీ డబ్బులు చేతిలో పెట్టండి.