నీరసానికి ఒక చిరునామా

"నీరసంగా ఉంది" అని ఆడమనిషి అంటే ఎవరూ ఉలిక్కిపడరు. ఇంటిపని, ఉద్యోగం, నెలనెలా పోయే రక్తం... నీరసం కాక ఏముంటుంది అనుకుంటారు. మన కథల్లోనూ అంతే. ఆమె కళ్ళు తిరిగి పడిపోతే గర్భం, చిక్కిపోతే విరహం. సాహిత్యంలో పరిశోధన చేస్తూ ఇలాంటివి ఎన్నో చదివాను. ఆ రోజుల్లోనే నా హిమోగ్లోబిన్ తగ్గుతూ వచ్చింది. నాలుగేళ్ళు ఐరన్ మాత్రలు మింగినా పెరగలేదు. "సరిగ్గా వేసుకోవడం లేదేమో" అన్నారొక డాక్టరు. "థీసిస్ టెన్షన్" అన్నారింకొకరు. "వేళకి తింటే కదా" అంది అమ్మ. ముగ్గురూ కారణాన్ని నా నడవడిలోనే వెతికారు.

అరికాళ్ళలో తిమ్మిర్లు మొదలయ్యాక గానీ బి12, యాంటీబాడీ పరీక్షలు, ఎండోస్కోపీ జరగలేదు. తేలింది ఆటోఇమ్యూన్ గాస్ట్రైటిస్. అది ముదిరి బి12 అందకపోతే వచ్చేదే పెర్నీషియస్ ఎనీమియా.

"శరీరం తన మీద తానే చేసుకునే దాడి" అని దీన్ని వర్ణిస్తారు. మళ్ళీ నేరం మనదేనన్నమాట! నిజానికి ఆ దాడికి కచ్చితమైన చిరునామా ఉంది. జీర్ణాశయం గోడలోని పెరైటల్ కణాలు రెండు పనులు చేస్తాయి. ప్రోటాన్ పంప్ అనే ప్రోటీన్‌తో యాసిడ్‌ని బయటికి పంపుతాయి. బి12ని పట్టుకుని చిన్నపేగు చివరిదాకా చేర్చే ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్‌ని తయారుచేస్తాయి. ఈ రెండింటి మీదా యాంటీబాడీలు పుడతాయి. ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్ మీద పుట్టేవాటిలో ఒక రకం దాన్ని బి12తో కలవనివ్వదు. రెండో రకం, కలిసినా పేగుకి అతుక్కోనివ్వదు. కణాలను చంపేది మాత్రం ప్రధానంగా టి కణాలని పరిశోధకుల అభిప్రాయం. యాంటీబాడీలను హంతకులనడం కన్నా సాక్షులనడం న్యాయం.

యాసిడ్ తగ్గితే ఐరన్ ఒంటికి సరిగా పట్టదు. కాలేయంలో బి12 నిల్వలు కొన్నేళ్ళకు సరిపడా ఉంటాయి. అందుకే వయసులో ఉన్న ఆడవాళ్ళలో తరచు ముందు కనబడేది ఐరన్ లోపం. నెలసరి అన్న జవాబు సిద్ధంగా ఉండటంతో రెండో ప్రశ్న ఎవరూ వెయ్యరు.

ఇంకో చిక్కుంది. మనకిచ్చే ఐరన్ మాత్రల్లో ఫోలిక్ యాసిడ్ కూడా ఉంటుంది. 1945లో అమెరికాలో దాన్ని కృత్రిమంగా తయారుచేసింది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందమే. ఎందరో గర్భిణులకు మేలు చేసిన మందది. కానీ బి12 లోపం ఉన్నవాళ్ళకి అదొక్కటే ఇస్తే రక్తం బాగుపడినట్టు కనబడుతుంది, లోపల నరాలు దెబ్బతింటూనే ఉంటాయి. పైకి బాగానే కనబడటం మనకేమన్నా కొత్తా?

బి12 నిర్మాణాన్ని తేల్చినందుకు కూడా 1964లో నోబెల్ అందుకున్న డొరొతీ హాడ్జ్‌కిన్ చేతులు రుమటాయిడ్ ఆర్థ్రైటిస్‌తో వంకరపోయి ఉండేవి. అదీ ఆటోఇమ్యూన్ జబ్బే. ఆమెనెవరూ బలహీనురాలనలేదు.

ఇప్పుడు బి12 ఇంజక్షన్లతో నడుస్తున్నాను. తిమ్మిర్లు పూర్తిగా పోలేదు. నరాలు నాలుగేళ్ళ ఆలస్యాన్ని అంత తేలిగ్గా మరిచిపోవు. మీకో, మీ అమ్మాయికో ఐరన్ మాత్రలు పనిచెయ్యకపోతే "వేసుకుంటున్నావా?" దగ్గరే ఆగకండి. "ఒంటికెందుకు పట్టడం లేదు?" అని డాక్టర్ని అడగండి.