పేరు చెప్పని దానం

గుడికి ఫ్యాను ఇస్తే రెక్కల మీద ఇంటిపేరుతో సహా రాయించుకునేవాళ్ళం మనం. ఇచ్చేవాళ్ళు తమ దేవుడి పేరు కూడా ఎత్తకూడదంటే ఎంతమందిమి ఇస్తాం, చెప్పండి?

ఉత్తర కొరియాలో సంగతి అదే. ఒకప్పుడు 'తూర్పు జెరూసలేం' అనిపించుకున్న ప్యాంగ్యాంగ్‌లో ఇప్పుడు విదేశీయులు మతం బోధిస్తే జైలే. 1990లలో ఆ దేశంలో కరువొచ్చి లక్షలమంది పోయారు. 1895లో కొరియా వెళ్ళిన మిషనరీ యూజిన్ బెల్ పేరున, ఆయన మునిమనవడు స్టీఫెన్ లింటన్ సరిగ్గా నూరేళ్ళకి, 1995లో, ఒక సంస్థ పెట్టాడు. ముందు తిండిగింజలు పంపారు. తర్వాత మామూలు మందులకి లొంగని మొండి క్షయకి వైద్యం. ఏడాదిన్నర పాటు మానకుండా మింగాల్సిన మందులవి! ఆర్నెల్లకోసారి వెళ్ళడం, రోగుల కఫం తెచ్చి పరీక్ష చేయించడం, మందులివ్వడం. అంతే.

"నోరు కట్టేసుకుని చేసే సేవ ఏం సేవ?" అంటారు కొందరు. ఆ సాయం నియంతలకే ఊపిరి పోస్తుందంటారు మరికొందరు. తీసిపారేసే మాటలు కావవి. కానీ కెనడా పాస్టర్ లిమ్ హ్యోన్ సూ సంగతి చూడండి. అక్కడి అనాథలకి, ముసలివాళ్ళకి ఎంతో చేసినవాడు. మతం పేరుతో ప్రభుత్వాన్ని కూలదోయబోయాడని 2015లో యావజ్జీవ కఠినశిక్ష వేశారు. 2017లోగాని వదల్లేదు.

దగ్గి దగ్గి సొమ్మసిల్లే తల్లికి మందిచ్చిన చెయ్యి ఏ మతానిదైతేనేం? మళ్ళీ ఆర్నెల్లకి వస్తుందా లేదా అన్నదే ఆమెకి కావాలి. 2020లో కోవిడ్ భయంతో సరిహద్దులు మూసేస్తే ఆ రాకపోకలూ ఆగిపోయాయి. మాట్లాడకుండా ఉండటం పిరికితనమని నేననలేను. వాళ్ళు నోరు మూసుకున్నన్నాళ్ళూ ఆమెకి మందు అందింది.